సున్నా కూడా కబురే

అనంతపురం, ఆగస్టు, మూడో అంతస్తు ల్యాబు.
తొమ్మిది పాత కంప్యూటర్లు.
ఒకటి చెప్పేది, ఎనిమిది చేసేవి.
నీలం తీగలన్నీ ఒకే స్విచ్చులోకి దూరాయి.
దాని మీద పచ్చ చుక్కలు ఆగి ఆగి
కన్నదిరినట్టు అదురుతున్నాయి.

ఓబుళేసు సారు ఇచ్చిన పని చిన్నదే:
పాత జిల్లా అరవై మూడు మండలాలు,
ముప్పై ఏళ్ళు, రోజుకొక వాన లెక్క.
ఎనిమిదింటికీ పంచండి, కూడండి, చెప్పండి.

పంచడం మాకొచ్చనుకున్నాం.
తలకు ఎనిమిది మండలాలు, చివరిదానికి ఏడు,
కళ్ళంలో కాయ పంచినట్టు.

మొదటిసారి ఒక మొత్తం వచ్చింది.
రెండోసారి దానికన్నా తక్కువ.
మూడోసారి ఇంకేదో.
ఒకే గడిలోని అంకెను ఇద్దరు ఒకేసారి చదివి
ఎవరికి వారు కూడుకుని
ఒకరు రాసినదాని మీదే ఇంకొకరు రాసేస్తున్నారు.
ఆ తోపులాటలో ఎక్కడో ఒక వాన పోయింది.
"మా ఊర్లో పడేదే నాలుగు చినుకులు,
అవి కూడా నీ కోడు మింగితే ఎట్ల మే?"
అన్నాడు తిప్పేస్వామి.

గడికి తాళం వేశాం.
మొత్తం కుదిరింది, వేగం పోయింది.
ఎనిమిది మంది కూలీలు, ఒకటే పార.

అప్పుడు నూర్జహాన్ ఒక్క వరుస రాసింది:
సున్నా అయితే దాటెయ్.
చప్పట్లు కొట్టుకున్నాం.
ఈ జిల్లాకు ఇంతకన్నా మంచి చిట్కా ఏముంది,
ముప్పాతిక లెక్క అక్కడే తీరిపోయింది.
రాయదుర్గం వైపు వచ్చిన యంత్రం
అందరికన్నా ముందే ముగించి
గట్టు మీద కూర్చుంది మిగతావాళ్ళ కోసం.
ఎండిన ఊళ్ళకు పని తొందరగా అయిపోతుంది.

ఐదోది పలకలేదు.

చచ్చిందా, నిదానమా, తీగ ఊడిందా?
ఇవతలి నుంచి తెలుసుకునే దారి లేదంటుంది పుస్తకం.
ఒక గడువు పెట్టుకోవడమే.
పొట్టి గడువు పెడితే బతికున్నదాన్ని పాడె ఎక్కిస్తావు,
పొడుగు గడువు పెడితే పీనుగకు కాపలా కాస్తావు.

తొమ్మిదిన్నరకు తాళాల గుత్తి చప్పుడు, హుసేనప్ప.
తలుపు వేయడానికి వచ్చినవాడు
తెర మీద పేర్లు చూసి ఆగిపోయాడు.
"బెళుగుప్ప ఉందా ఇందులో?
పదకొండేండ్లు ఆ వాన కొలిచింది నేనే."
"దాదాపు అన్నీ సున్నాలే అన్నా, దాటేసినాం."

"దాటేస్తే ఎట్లప్పా.
పొద్దున ఎనిమిదిన్నరకు పోయి
మూత తీసి, ఎండిన గిన్నెలోకి తొంగి చూసి,
సున్నా అని పుస్తకంలో రాసి,
సున్నా అని ఫోన్లో చెప్పేవాణ్ణి.
తొంభై దినాలు వరసగా చెప్పినా ఒక ఏడు.
చెప్పకపోతే వాన లేదనుకోరు,
నేను లేననుకుంటారు."

నూర్జహాన్ ఫైలు తెరిచింది.
బెళుగుప్పలో పంతొమ్మిది గళ్ళు ఖాళీ.
మేం వాటినీ సున్నాలే అనుకున్నాం.
"అవా? పచ్చకామెర్లు నాకు.
కసువూడ్చే ఆమెకు చెప్పి పోయినా, మరిచిపోయింది.
ఆ నడుమ ఒక రాత్రి బాగా కురిసిందంట.
ఎంతో ఎవురికీ తెల్దు."

కింద క్యాంటీను షట్టరు పడింది.
కాసేపు ఎవరం కీబోర్డు ముట్టుకోలేదు.

తర్వాత ఆ వరుస కొట్టేశాం.
ఖాళీకి ఒక గుర్తు, సున్నాకు వేరే గుర్తు.
పని ఉన్నా లేకున్నా ప్రతి యంత్రమూ
క్షణానికొకసారి "ఉన్నా" అనాలని రాశాం.
హుసేనప్ప స్టూలు లాక్కుని కూర్చున్నాడు,
"ఇంకెంతసేపు?" అని అడుగుతూనే.
ఏడు యంత్రాలు ఉన్నా, ఉన్నా అంటున్నాయి.

వారం తర్వాత రికార్డు తిరిగొచ్చింది.
పదికి ఏడు.
పక్కన ఎర్ర ఇంకు:
ఇంత నిదానమెందుకు? సున్నాలెందుకు కూడుతున్నారు?